బెంగళూరులో ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నారా? షోరూమ్‌కి వెళ్లేముందు పార్కింగ్‌లోకి దిగండి

ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో మనవాళ్లు ఎవరు ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలనుకున్నా నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కంపెనీ బండి మంచిదని. నేను తిరిగి అడిగేది ఒక్కటే, రాత్రి చార్జింగ్ ఎక్కడ పెడతారు? దీనికి జవాబు దొరక్కముందే బండి కొన్నవాళ్లను మారతహళ్లి పీజీ హాస్టళ్లలో చాలామందిని చూశాను. బండి బాగానే ఉంటుంది, కానీ వారానికి మూడు సాయంత్రాలు ఏదో ఒక ఫాస్ట్ చార్జర్ పక్కన నిలబడాల్సి వస్తుంది. అందుకే ముందు ప్లగ్ పాయింట్, తర్వాతే బండి.

సొంత ఫ్లాట్ అయితే పని సులువు. అద్దె ఇల్లయితే ఓనర్‌తో మాట్లాడాలి. కేఆర్ పురం, మారతహళ్లి, బెళ్ళందూరు వైపు పాత ఓనర్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు కాబట్టి మనకు ఆ మాట కలపడం తేలికే. వాళ్ల భయం రెండు విషయాల మీద ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, వైరింగ్ కాలిపోతే ఎవరు చూస్తారు. నేను మా ఓనర్‌తో అన్నది ఇదీ: "అంకుల్, ఇది ఇస్త్రీపెట్టె లాగినంత కరెంటే లాగుతుంది. మీటరు బాక్సు నుంచి విడిగా లైను లాగించి, సబ్ మీటరు కూడా నా ఖర్చుతోనే పెట్టిస్తా. ఇల్లు ఖాళీ చేసినా ఆ పాయింట్ మీకే ఉంటుంది." చివరి మాటకి ఆయన ఒప్పుకున్నారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అడ్డుపడితే, కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చూపించండి, ఇంటికున్న కరెంటు కనెక్షన్‌తోనే బండి చార్జింగ్ పెట్టుకోవచ్చని అందులో ఉంది. పోట్లాటకి మాత్రం దిగకండి, ఆ పార్కింగ్‌లో రోజూ కలిసి బతకాల్సింది వాళ్లతోనే.

ఇప్పుడు పాయింట్ ఎలా పెట్టించాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే. మొదట్లో కొత్త లైను ఎందుకులే అనుకుని, పార్కింగ్‌లో నీళ్ల మోటారు పక్కనున్న పాత చిన్న సాకెట్‌లోనే అడాప్టర్ వేసి చార్జింగ్ పెట్టాను. మూడో వారంలో ఒక రాత్రి వాచ్‌మన్ పైకొచ్చి కాలిన వాసన వస్తోందన్నాడు. దిగి చూస్తే సాకెట్ ముఖం కరిగి వంకర తిరిగి ఉంది. బండికి ఏమీ కాలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పైన ఆరు కుటుంబాలు పడుకుని ఉన్నాయి. ఇస్త్రీపెట్టె పావుగంట వాడి తీసేస్తాం, పైగా అది మధ్యమధ్యలో దానంతటదే ఆగుతుంది. బండి చార్జర్ సుమారు అంతే కరెంటును నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది. వదులైన సాకెట్ అన్ని గంటలు తట్టుకోలేదు.

కాబట్టి ఏసీకి, గీజరుకి వాడే పెద్ద ప్లగ్ పాయింట్, అంటే 16 యాంపులది పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌ని టూ పాయింట్ ఫైవ్ (2.5 చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు వాడమనండి, మీటరు బాక్సు దూరమైతే 4 వాడమనండి. ఆ లైనుకి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్), దానితోపాటు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ కూడా ఉండాలి, పార్కింగ్‌లో వానకాలం నేల తడిగానే ఉంటుంది కదా. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్షించి చూపించమనండి. కొన్ని బండ్లు ఎర్త్ సరిగా లేకపోతే అసలు చార్జింగే ఎక్కించుకోవు, కస్టమర్ మాత్రం బండి పాడైందని సర్వీస్‌కి ఫోన్ చేస్తాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో, కిటికీలోంచి వేలాడదీసిన వైరుతో ఎప్పుడూ చార్జ్ చేయొద్దు.

మూడో అంతస్తులో, లిఫ్ట్ లేని ఇంట్లో ఉండి కింద పాయింట్ అసలు కుదరదంటే బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకునే బండ్లున్నాయి. ఒక్కో బ్యాటరీ పది కిలోలకు పైనే ఉంటుంది, రెండు ఉంటే రెండుసార్లు మెట్లెక్కాలి. రోజూ చేయగలరా అని మిమ్మల్ని మీరే నిజాయతీగా అడగండి. పీజీలో ఉండి ఇదీ కుదరకపోతే ఇప్పుడే కొనొద్దు, దగ్గరి దూరాలకు యులు లాంటి ఎలక్ట్రిక్ బైకులు అద్దెకు తీసుకోండి.

ఖర్చు లెక్క చిన్నదే. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అంటే 780 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లకు మూడు, మూడున్నర యూనిట్లు వేసుకున్నా నెలకు 30 యూనిట్ల లోపే, యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 180 రూపాయల లోపే. అదే లీటరుకు 45 ఇచ్చే పెట్రోలు స్కూటర్ అయితే 17 లీటర్లు కావాలి, లీటరు వంద దాటిన పెట్రోలుతో 1,700 పైమాటే. అయితే కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్నవాళ్లు ఒకటి గమనించాలి. మొత్తం వాడకం 200 యూనిట్లు దాటిందంటే ఆ నెల బిల్లంతా మీరే కట్టాలి. ఇప్పటికే 180 దగ్గరున్న ఇంటికి ఈ 30 యూనిట్లు కలిస్తే లెక్క మారిపోతుంది, పాత బిల్లులు తీసి చూసుకోండి.

సబ్సిడీ కోసం మాత్రం ఎదురుచూడకండి. 2021లో బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలున్న కేంద్రం సాయం 2023 జూన్‌లో 10,000కి, 2024లో 5,000కి, 2025 ఏప్రిల్ నుంచి 2,500కి తగ్గుతూ వచ్చింది. షోరూమ్‌లో "ఈ రోజే ఆఖరు సార్" అన్నా కంగారు పడొద్దు.

ఇక రేంజ్, అంటే ఒక్కసారి ఫుల్ చార్జ్ చేస్తే వెళ్లే దూరం. కాగితం మీద 120 కిలోమీటర్లు అని రాసుంటే మన ట్రాఫిక్‌లో, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుంటే 85, 90 అనుకోండి. అందులోనూ చివరి 20 శాతం వాడకుండా వదిలేయండి. అలా మిగిలిన 70 కిలోమీటర్లు మీ రోజువారీ తిరుగుడుకు రెట్టింపు ఉంటే చాలు. చాలామంది కొనేటప్పుడు సంవత్సరానికోసారి ఊరెళ్లడం గురించి ఆలోచించి పెద్ద బ్యాటరీకి ముప్పై వేలు ఎక్కువ పెడతారు. హిందూపురం వంద కిలోమీటర్లు, దానికి రైలుంది, బస్సుంది. ఆ డబ్బు వారంటీ మీద పెట్టండి. ఏళ్ల సంఖ్య ఒక్కటే చూడకుండా, బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడితే మార్చిస్తారో అడగండి. ఉదాహరణకు ఏథర్ అమ్మే ఎయిట్70 అనే అదనపు వారంటీలో 8 ఏళ్లు లేదా 80,000 కిలోమీటర్ల వరకు 70 శాతం సామర్థ్యానికి హామీ ఉంది. మీరు చూసే బండికి అలాంటి అంకె కాగితం మీద ఉందా అని చూడండి, సేల్స్ అబ్బాయి నోటిమాట లెక్కలోకి రాదు.

టెస్ట్ రైడ్ షోరూమ్ చుట్టూ చేస్తే ఏమీ తెలియదు. ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి లాంటి ఎత్తు ఎక్కించి చూడండి. ఆ తర్వాత శనివారం పొద్దున ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, బయట ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయో చూసి, అక్కడ కూర్చున్న నలుగురితో మాట్లాడండి. ఒక చిన్న పార్ట్ కోసం నా బండి 11 రోజులు సర్వీస్ సెంటర్‌లో ఉండిపోయింది, ఆ 11 రోజులూ నేను సిల్క్ బోర్డ్ దాకా ఆటోలకి పెట్టిన డబ్బు ఎంతో నాకే తెలుసు. ముందే అక్కడికి వెళ్లి ఒక గంట కూర్చుని ఉంటే ఈ సంగతి తెలిసేది.

వేరే కంపెనీ చార్జర్ కనిపించిందని ధైర్యపడకండి. అన్ని చార్జింగ్ గన్నులూ (బండికి తగిలించే ప్లగ్గులు) అన్ని బండ్లకూ పట్టవు. ఇంటికీ ఆఫీసుకీ మధ్య దారిలో మీ బండికి సరిపోయే చార్జర్లు ఎన్ని ఉన్నాయో యాప్‌లో లెక్కపెట్టుకోండి, రెండుంటే చాలు. ఊళ్లో చవకగా వస్తుందని అనంతపురంలోనో చిత్తూరులోనో కొని తెచ్చేవాళ్లు, 12 నెలలు దాటి ఇక్కడే తిప్పితే కర్ణాటక నంబరుకి మార్చుకోవాలని గుర్తుపెట్టుకోండి.

వానలో నడపడానికి భయం లేదు, కానీ అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలోకి దించకండి. నీళ్లలో మునిగిన బండిని ఆరింది కదా అని చార్జింగ్ పెట్టొద్దు, సర్వీస్‌వాళ్లు చూసి సరేనన్నాకే పెట్టండి.

బండి ఇంటికొచ్చిన మొదటి రోజు, రాత్రి కాకుండా సాయంత్రమే చార్జింగ్ పెట్టండి. గంట తర్వాత కిందికి దిగి, స్విచ్ ఆపి, ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మళ్లీ స్విచ్ వేయండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆ రోజుకి బండిలో ఉన్న చార్జ్ చాలు.