తొలి రెజ్యూమె: ఎన్నిచోట్లకు పంపినా పిలుపు రాకపోతే

డిగ్రీ పూర్తిచేసినవాళ్లు రెజ్యూమె చేతిలో పెట్టి అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఆబ్జెక్టివ్ మార్చమంటారా?" మార్చనక్కర్లేదు, తీసేయండి. మంచి సంస్థలో చేరి, సంస్థతో పాటు ఎదగాలని ఉందంటూ సాగే ఆ మూడు పంక్తుల వల్ల ఉద్యోగం వచ్చినవాళ్లను నేను చూడలేదు, పోయినవాళ్లనూ చూడలేదు. జబ్బు ఇంకెక్కడో ఉంటుంది. చదువు, ప్రాజెక్టు, నైపుణ్యాలు ఒక పేజీలో సర్దడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. సర్దాక ఏది తేడా కొడుతుందో చూద్దాం.

సమస్య: నెలలుగా పంపుతున్నా ఒక్క ఫోనూ రాదు

పక్కవాళ్ల ఫోను తీసుకోండి. మీ పీడీఎఫ్ తెరిచి, అందులో ఉన్న నంబరు చూస్తూ ఒక్కో అంకె నొక్కండి. మీకు కంఠతా వచ్చిన నంబరు కాదు, ఫైలులో ఉన్న నంబరు. మీ ఫోను మోగాలి. ఈ మాట చెప్పగానే అందరూ నవ్వుతారు, చేసేవాళ్లు మాత్రం కొందరే. హాస్టల్‌లో ఉన్నప్పుడు వాడి, ఇంటికొచ్చాక రీచార్జ్ మానేసిన సిమ్ నంబరు రెజ్యూమెలో అలాగే ఉండిపోవడం నేను తరచూ చూసే సంగతి. తరువాత మెయిల్‌లో స్పామ్ ఫోల్డరు తెరవండి. ఆన్‌లైన్ పరీక్ష లింకులు అక్కడ పడి, గడువు దాటి, ఎవరూ చూడకుండా ఉంటాయి.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా పిలుపు లేదంటే, ఆ రెజ్యూమె మీకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. సీనియర్ పంపాడు కదా? అయితే కాస్త ఆగి చదవండి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించిన దొంగ ఇక్కడే దాక్కుంటాడు.

మన కాలేజీల్లో రెజ్యూమె ఎవరూ కొత్తగా రాయరు. సీనియర్ వర్డ్ ఫైలు వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. పేరు, మార్కులు, నంబరు, ఈ-మెయిల్ మార్చుకుని పంపేస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే వర్డ్‌లో ఈ-మెయిల్ చిరునామా నీలిరంగులో, కింద గీతతో కనిపిస్తే దాని వెనక ఒక లింకు ఉందని అర్థం. పైకి కనిపించే అక్షరాలు వేరు, వెనకున్న లింకు వేరు. సీనియర్ చిరునామా చెరిపి, ఆ అక్షరాల మధ్యే మీది టైపు చేస్తే పైన మీ చిరునామా కనిపిస్తుంది, వెనక సీనియర్ చిరునామా అలాగే ఉండిపోవచ్చు. పీడీఎఫ్‌గా మార్చినా ఆ లింకు వెంటే వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు మీ చిరునామాను చూసి టైపు చేయరు, దానిమీద నొక్కుతారు. ఉత్తరం సీనియర్‌కు వెళుతుంది.

బీకాం కంప్యూటర్స్‌లో మంచి మార్కులు వచ్చిన ఒకమ్మాయికి ఇదే జరిగింది. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, లెక్చరర్లు అందరూ ఆ రెజ్యూమె చదివి బాగుందన్నారు. చదివారు గాని చిరునామా మీద ఒక్కరూ నొక్కలేదు. ఇంటర్వ్యూ కబురు ఆమె సీనియర్ పాత మెయిల్‌కు వెళ్లింది. ఆయన తీరిగ్గా చూసి పంపేసరికి తేదీ దాటిపోయింది. ప్రింటు తీసి చూస్తే ఈ తప్పు జన్మలో దొరకదు, ఎందుకంటే కాగితం మీద అంతా సరిగ్గానే ఉంటుంది.

ఒక్క ఈ-మెయిలే కాదు. లింక్‌డిన్, గిట్‌హబ్ లింకులదీ ఇదే కథ. మీ ప్రాజెక్టు చూద్దామని నొక్కితే సీనియర్ ప్రాజెక్టు తెరుచుకుంటుంది, అప్పుడు మీరు కాపీరాయుళ్ల లెక్కలోకి వెళతారు. ఫైలు లోపల టైటిల్, ఆథర్ అనే గడులు ఉంటాయి. టైటిల్‌లో సీనియర్ పేరు ఉంటే, పీడీఎఫ్‌ను బ్రౌజరులో తెరిచినప్పుడు పైన ట్యాబ్ మీద ఆ పేరే కనిపించవచ్చు. చివర్లో డిక్లరేషన్ కింద "స్థలం: గుంటూరు" అని ఉంటుంది, పంపినవాడు కరీంనగర్ దాటి ఎరుగడు. ఆ డిక్లరేషన్ కూడా తీసేయండి, ఎవరూ అడగరు.

పరీక్ష ఇలా చేయాలి. పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో తెరిచి ప్రతి లింకు మీద మౌస్ పెట్టండి, అది ఎక్కడికి వెళుతుందో చాలా ప్రోగ్రాముల్లో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. కనిపించకపోతే నొక్కండి. ఫోనులోనైతే నొక్కడమే. మెయిల్ తెరుచుకున్నాక గ్రహీత గడిలో మీ చిరునామా ఉందో లేదో చూసి, మీకు మీరే ఒకటి పంపుకోండి.

సరిచేయడం తేలిక. వర్డ్‌లో కంట్రోల్-ఏతో మొత్తం ఎంచుకుని, కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే లింకులన్నీ మామూలు అక్షరాలవుతాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాలి. తరువాత మీ లింకులు మీరే పెట్టుకోండి. ఫైల్ మెనూలో ఇన్ఫోకు వెళ్లి టైటిల్, ఆథర్ మార్చండి. నా మాట వింటే ఇంత తంటా కూడా వద్దు: ఖాళీ ఫైలు తెరిచి, విషయాన్ని అక్షరాలుగా మాత్రమే అంటించి, కొత్తగా సర్దుకోండి. గంట పని.

సమస్య: ఉద్యోగాల పోర్టల్‌లో ఎక్కించగానే వివరాలు చిందరవందరగా నిండుతున్నాయి

పేరు గడిలో కాలేజీ పేరు, కాలేజీ గడిలో నైపుణ్యాలు వచ్చిపడతాయి. అచ్చు పనికి వాడే "అను" అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టిన శుభలేఖలోని అక్షరాలను కాపీ చేసి వాట్సాప్‌లో అంటిస్తే అర్థంలేని అక్షరాలే వస్తాయి కదా, కంటికి ముత్యాల్లా ఉన్న మీ రెజ్యూమె కూడా యంత్రానికి అలాగే కనిపిస్తోందన్నమాట. పీడీఎఫ్‌లో అంతా ఎంచుకుని నోట్‌ప్యాడ్‌లో అంటించి చూడండి. ఏమీ అంటుకోకపోతే మీ ఫైలు ఒట్టి బొమ్మ: ప్రింటు తీసిన కాగితాన్ని ఫోనుతో స్కాన్ చేసి ఉంటారు, లేదా డిజైన్ యాప్‌లో బొమ్మగా దాచి ఉంటారు. ఎడమ నిలువు వరుస, కుడి వరుస కలగలిసిపోతే రెండు నిలువు వరుసల టెంప్లేటు మానేయండి. ఫోను నంబరు పేజీ హెడర్‌లో ఉంటే కిందికి దించండి, కొన్ని పోర్టళ్లు హెడర్‌ను చదవవు.

సమస్య: దరఖాస్తు చేసిన వెంటనే అర్హత లేదంటోంది

శాతం గడిలో 7.8 అని సీజీపీఏ (పదికి లెక్కేసే గ్రేడు సగటు) రాస్తే యంత్రం దాన్ని 7.8 శాతంగానే చూస్తుంది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం అడిగే సంస్థలు చాలా ఉన్నాయి, అక్కడే మీరు రాలిపోతారు. మార్చే సూత్రం ప్రతి విశ్వవిద్యాలయానికీ వేరు. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లోనైతే 0.5 తీసేసి పదితో గుణిస్తారు, అంటే 7.8 కాస్తా 73 శాతం. మీ బ్యాచికి వర్తించే విశ్వవిద్యాలయ నిబంధనల్లో, అంటే రెగ్యులేషన్‌లో ఏముందో చూసుకోండి, స్నేహితుడి సూత్రం వాడకండి. పేరు కూడా పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే చేరేముందు ధ్రువపత్రాల తనిఖీలో తిప్పలు పడతారు.

సమస్య: ఇంటర్వ్యూకు పిలుస్తారు, మొదటి పది నిమిషాల్లోనే ముగిసిపోతుంది

ఇది ఫైలులోని లోపం కాదు, రాసిన అబద్ధం. నైపుణ్యాల కింద సీ నుంచి పైథాన్ దాకా అన్నీ పేరుస్తారు. వరసగా మూడు ప్రశ్నలడిగితే తట్టుకోగలిగినవే ఉంచండి. "ట్యాలీ (ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్) తెలుసు" అని రాసేకన్నా ఏం చేశారో రాయండి: కొనుగోలు, అమ్మకాల వోచర్లు వేశారా, బ్యాంకు స్టేట్‌మెంటుతో ఖాతా సరిపోల్చారా, జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను) కోసం లెక్కలు తీశారా? ప్రాజెక్టు నలుగురు కలిసి చేసి ఉంటే మీ వంతు ఏదో ఒక్క వాక్యంలో చెప్పండి.

ఇక మిగిలినవి

ఫొటో పెట్టాలా, ఏ ఫాంటు వాడాలి, గీతలు ఏ రంగులో ఉండాలి అని అడుగుతుంటారు. అడిగితే తప్ప ఫొటో వద్దు. టైమ్స్ న్యూ రోమనా, కాలిబ్రియా అన్నది చూసి ఉద్యోగం ఆపేవాళ్లు లేరు. తండ్రి పేరు, మతం, కులం, పెళ్లి వివరాలు తీసేయండి. చదువులో ఏడాది ఖాళీ ఉంటే దాచకండి, అడిగినప్పుడు ఒక్క మాటలో కారణం చెప్పండి. ఫైలు పేరు మాత్రం "రెజ్యూమె ఫైనల్ న్యూ 2" అని వదిలేయకుండా మీ పేరు, కోర్సు పెట్టండి.