ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్: మీ గేమింగ్ పీసీకి ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలో ఎలా తేల్చుకోవాలి?

మా అక్క కొడుకు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. బీటెక్‌లో సీటు రాగానే గేమింగ్ పీసీ కొనిస్తామని ఇంట్లో మాటిచ్చారు. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు.

“మావయ్యా, ఎన్విడియా తీసుకోనా, ఏఎమ్‌డీ తీసుకోనా?”

“మానిటర్ ఏం తీసుకుంటున్నావురా?”

“అది ఇంకా చూడలేదు.”

చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. కంపెనీ పేరు దగ్గర మొదలుపెడితే స్నేహితులు తలో మాటా చెబుతారు, టెన్షన్ తప్ప ఏమీ తేలదు. కంపెనీ సంగతి తర్వాత తేల్చుకోవాలి. దానికి ముందు చూసుకోవాల్సినవి వరసగా చూసుకుంటూ వస్తే, చేతిలో ఒకటో రెండో కార్డులే మిగులుతాయి.

మొదటి పని: మానిటర్, ఆటలు కాగితం మీద రాసుకోండి

మానిటర్ రిజల్యూషన్ (తెర మీది చుక్కల లెక్క) ఎంత, రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో, హెర్ట్జ్‌లో) ఎంత, మీరు నిజంగా రోజూ ఆడే ఆటలేవి? 1080పీ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఆడేవాళ్లకు మధ్యరకం కార్డు చాలు. ఆ ఆటల్లో భారం ప్రాసెసర్ మీదే ఎక్కువ పడుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటలు 1440పీలో ఆడాలంటే మాత్రం బడ్జెట్‌లో పెద్ద వాటా కార్డుకే పోతుంది.

తర్వాత కార్డు పేరు, ఆట పేరు, రిజల్యూషన్ కలిపి యూట్యూబ్‌లో టెస్టులు వెతకండి. సెకనుకు వచ్చే సగటు ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) పాటు ‘వన్ పర్సెంట్ లో’ (అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకె కూడా చూడండి. ఆట మధ్యలో జెర్క్ ఇస్తుందా లేదా అన్నది తెలిసేది ఆ అంకెతోనే.

రెండో పని: కార్డు మెమరీ

నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది దీని గురించే. కొత్త పెద్ద ఆటల్లో టెక్స్చర్లు హై పెడితే 8 జీబీ సరిపోని సందర్భాలు వస్తున్నాయి. కార్డు మెమరీ నిండిపోతే ఆట పీసీలోని మామూలు ర్యామ్‌ను వాడుకోవాల్సి వస్తుంది, అది చాలా నెమ్మది. అప్పటిదాకా సాఫీగా నడిచిన ఆట ఒక్కసారిగా ఆగి ఆగి నడుస్తుంది. నాలుగేళ్లు వాడాలని కొనేవాళ్లు 12 లేదా 16 జీబీ వైపు చూడండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీలోనూ వస్తుంది, 16 జీబీలోనూ వస్తుంది. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. పేరు ఒకటే, డబ్బా ఒకేలా ఉంటుంది. షాపువాడు ఫోన్‌లో తక్కువ రేటు చెప్పాడంటే అది ఎన్ని జీబీలదో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి.

మీ మదర్‌బోర్డు పాతదైతే ఇంకో సంగతి. 5060 టీఐకి పీసీఐఈ లేన్లు (మదర్‌బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారులు) 8 మాత్రమే, 9060 ఎక్స్‌టీకి 16. పీసీఐఈ 3.0 అనే పాత తరం బోర్డులో 8 లేన్ల కార్డు పెట్టి, పైగా మెమరీ 8 జీబీయే అయితే దెబ్బ బాగా తెలుస్తుంది.

మూడో పని: ఇప్పుడు కంపెనీలు

ఎన్విడియాకు రెండు బలాలు. ఒకటి డీఎల్‌ఎస్‌ఎస్: తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దది చేసి, స్పష్టంగా చూపించే పద్ధతి. ఇది ఆర్‌టీఎక్స్ కార్డుల్లోనే పనిచేస్తుంది, చాలా ఆటల్లో ఉంది. రెండోది కుడా (CUDA): ఆటలే కాక వేరే లెక్కల పనులూ కార్డుతో చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్. ఏఐ ప్రాజెక్టులు, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవాళ్లకు దీనితో తలనొప్పి తక్కువ. మావాడిది ఏఐ బ్రాంచి కాబట్టి చివరికి త్రాసు ఇటే మొగ్గింది.

చేతిలో ఉన్న డబ్బుకు ఎక్కువ మెమరీ, ఎక్కువ ఫ్రేములు కావాలి, ఆటలు తప్ప వేరే పని లేదు అనుకుంటే ఏఎమ్‌డీని తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. రే ట్రేసింగ్‌లో (ఆటలో వెలుతురు, నీడలు నిజంలా చూపించే పద్ధతిలో) ఏఎమ్‌డీ వెనకబడి ఉండేది. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9000 వరసతో ఆ దూరం బాగా తగ్గింది. డీఎల్‌ఎస్‌ఎస్‌కు పోటీగా వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 కూడా ఈ వరసతోనే మొదలైంది. పాత ఏఎమ్‌డీ కార్డు చవగ్గా వస్తుందని తీసుకునేముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇంటెల్ 2022లో ఆర్క్ కార్డులతో ఈ రంగంలో గట్టిగా దిగింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన బీ580లో 12 జీబీ మెమరీ ఉంది. కొత్త ప్రాసెసర్ ఉన్నవాళ్లకు మంచి కార్డే. రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని పాత పీసీలో మాత్రం పెట్టకండి, వేగం బాగా పడిపోతుంది.

ఈ మూడింటి ధరలూ తరచూ మారుతుంటాయి. అందుకే ఒకే రోజు మూడు చోట్ల రేటు కనుక్కోండి: గుంటూరులో ఒక షాపు, విజయవాడలో ఒక షాపు, ఆన్‌లైన్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి కొనాలనుకునేవాళ్లు బస్సు ఖర్చు, రేపు రిపేరు వస్తే మళ్లీ వెళ్లాల్సిన తిప్పలు కూడా లెక్కేసుకోండి.

నాలుగో పని: ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), కేబినెట్, మన ఎండలు

ఆర్‌టీఎక్స్ 5060 రేటింగ్ 145 వాట్లు, బీ580 రేటింగ్ 190. తేడా 45 వాట్లు. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు నాలుగు యూనిట్లు అటూ ఇటూ. కరెంటు బిల్లు కోసం కార్డు మార్చుకోనక్కర్లేదు. అసలు సమస్య వేడి. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం తలుపులు వేసుకుని, ఏసీ లేని గదిలో ఆడితే కార్డు వదిలే వేడంతా ఆ గదిలోనే ఉంటుంది. అందుకే ముందువైపు జాలీ, కనీసం రెండు ఫ్యాన్లు ఉన్న కేబినెట్ తీసుకోండి. అద్దం మూసేసిన కేబినెట్ చూడ్డానికే బాగుంటుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు. ఈ తరగతి కార్డులకు పేరున్న కంపెనీ, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు), 650 వాట్లది పెట్టుకుంటే నిశ్చింత. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే దాన్ని నమ్మకండి.

కొనేముందు కేబినెట్ పక్క తలుపు తీసి, స్టీల్ స్కేలుతో కొలవండి. వెనక స్లాటు దగ్గర్నుంచి ముందు ఫ్యాను దాకా, కేబినెట్ అంచు దాకా కాదు. మావాడి కేబినెట్‌లో 30 సెంటీమీటర్లు ఉంటుందనుకున్నాం. కొలిస్తే ఫ్యాను మందం పోగా 27 వచ్చింది. మూడు ఫ్యాన్ల మోడల్ వదిలేసి, అదే చిప్‌తో వచ్చే రెండు ఫ్యాన్ల మోడల్‌కు మారాం.

ఐదో పని: కార్డు తయారుచేసింది ఎవరు, సర్వీస్ ఎక్కడ

చిప్ ఎన్విడియాదో ఏఎమ్‌డీదో అయినా, కార్డు తయారుచేసి అమ్మేది చాలావరకు వేరే కంపెనీలు. అసుస్, గిగాబైట్ రెండు రకాలూ చేస్తాయి. జోటాక్‌వి ఎన్విడియా కార్డులు, సఫైర్‌వి ఏఎమ్‌డీ కార్డులు. వారంటీ చూసుకోవాల్సింది ఈ కంపెనీలే. నా పాత కార్డు ఫ్యాను ఆగిపోయినప్పుడు దగ్గర్లో సర్వీస్ సెంటర్ లేక హైదరాబాద్ పంపాను. తిరిగి రావడానికి నెల దాటింది. అప్పట్నుంచి నేను కొనేముందే సర్వీస్ ఎక్కడని అడుగుతాను. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, డబ్బా మీది నంబర్, కార్డు మీది నంబర్ ఒకటేనా అని అక్కడే చూడండి. బిల్లు లేకపోతే రెండు వేలు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి.

సెకండ్‌హ్యాండ్ కార్డయితే అమ్మేవాళ్ల ఇంటికెళ్లి, మీ కళ్లముందే ఇరవై నిమిషాలు బరువైన ఆట నడిపించండి. తెర మీద రంగు చుక్కలు, గీతలు కనిపిస్తే వద్దని చెప్పి వచ్చేయండి.

ఆరో పని: ఇంటికొచ్చాక

పాత కార్డు తీసి కొత్తది పెడుతుంటే, పాత డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేశాకే కొత్తది వేయండి. మావాడు పీసీ బిగించిన రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. “మావయ్యా, పాతిక ఫ్రేములు కూడా రావట్లేదు!” గొంతులో ఏడుపు ఒకటే తక్కువ. పీసీ వెనక ఫోటో తీసి పంపమన్నాను. హెచ్‌డీఎంఐ కేబుల్ పైన మదర్‌బోర్డుకు గుచ్చి ఉంది. ఆట ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోంది. కేబుల్ తీసి కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టుకు పెట్టమన్నాను. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే, 144 హెర్ట్జ్ మానిటర్ 60 మీదే ఉంది. అదీ మార్చాడు. ఆ రాత్రి మళ్లీ ఫోన్ రాలేదు.