కలిసి తిన్నంత మాత్రాన తగవు తీరిందా? హీబ్రూ లేఖనాలలో బలి భోజనాలను చదివే పద్ధతి

హీబ్రూ లేఖనాలలో, అంటే బైబిలు పాత నిబంధనలో, బంధువుల వైరం, బలి, భోజనం ఒకే చోట కలిసే ఘట్టాలు కొన్ని ఉన్నాయి. కలిసి తిన్నారు కనుక మనసులు కూడా కలిశాయని అనుకుని మనం వాటిని తొందరగా దాటిపోతుంటాం. ఆ ఘట్టాలను నిదానంగా చదవదలచినవారు, ఒంటరిగా చదివినా నలుగురితో కూర్చుని చదివినా, ఆదికాండము 31వ అధ్యాయంతో మొదలుపెట్టడం మంచిది. యాకోబు, లాబానుల మధ్య తగవు, ప్రమాణం, బలి, భోజనం, వీడ్కోలు అన్నీ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి.

ముందుగా భోజనాన్ని పక్కన పెట్టి తగవును చదవండి. లాబాను యాకోబుకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. మేనరికపు సంబంధాలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చిక్కును విడమరచి చెప్పనక్కరలేదు. నీ దగ్గర 20 ఏళ్లు పనిచేశానని, అందులో 14 ఏళ్లు నీ ఇద్దరు కుమార్తెల కోసం, 6 ఏళ్లు మంద కోసమని, నా జీతాన్ని పదిసార్లు మార్చావని యాకోబు నిలదీస్తాడు. లాబాను మాత్రం తనతో చెప్పకుండా వెళ్లిపోయాడని, కూతుళ్లను, మనుమలను ముద్దుపెట్టుకోనివ్వలేదని, తన గృహదేవతలను దొంగిలించాడని అల్లుడిని తప్పుపడతాడు. ఈ ఇద్దరి ఫిర్యాదులను ఒక కాగితం మీద ఎదురెదురుగా రాసుకోండి. అధ్యాయం ముగిసేసరికి వీటిలో ఏది తీరింది, ఏది తీరలేదు అన్నది ఆ కాగితాన్ని బట్టే తెలుస్తుంది.

ఆ తరువాత భోజనాల దగ్గర ఆగండి. 46వ వచనంలో రాళ్లు కుప్పవేసి, ఆ కుప్ప దగ్గర తింటారు. 54వ వచనంలో యాకోబు కొండమీద బలి అర్పించి, బంధువులను భోజనానికి పిలవగా, వారు తిని ఆ రాత్రి అక్కడే గడుపుతారు. ప్రతి భోజనం దగ్గరా పశువును వధించినది ఎవరు, పిలిచినది ఎవరు, ఎవరిని పిలిచారు, అది ప్రమాణానికి ముందా తరువాతా అన్న ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ పిలిచినవాడు యాకోబు. ఇరవై ఏళ్లు మామ చేతికింద పనిచేసినవాడు ఇప్పుడు ఆయనకు ఆతిథ్యమిచ్చే స్థానంలో నిలబడ్డాడు. పిలుపు అందుకున్నవారిని ఏమన్నారో కూడా గమనించండి. 37వ వచనంలో యాకోబు కోపంతో నా బంధువులు, నీ బంధువులు అని రెండుగా విడదీసి మాట్లాడతాడు. 54వ వచనంలో ఆ విభజన కనబడదు, కేవలం తన బంధువులను పిలిచాడని ఉంటుంది. నా దృష్టిలో ఈ అధ్యాయంలో జరిగిన అతి పెద్ద మార్పు ఈ చిన్న మాటలోనే ఉంది.

ఇప్పుడు బలి అన్న మాటను పరిశీలించండి. తెలుగులో బలి అనగానే ప్రాణం పోవడమే ముందు మనసుకు వస్తుంది. హీబ్రూలో ఇక్కడ వాడిన జెవహ్ అనే పదం వధించి, దాని మాంసాన్ని తినే బలిని సూచిస్తుంది. పూర్తిగా కాల్చివేసే దహనబలికి ఓలా అనే వేరే పదం ఉంది. ఈ తేడా తెలియకపోతే బలి వేరు, భోజనం వేరు అనుకుంటాం, కానీ ఈ ఘట్టంలో అవి ఒకే కార్యానికి రెండు భాగాలు.

ఆ కార్యం ఎలా సాగేదో వివరంగా తెలుసుకోవడానికి లేవీయకాండము 3, 7 అధ్యాయాలను పక్కన పెట్టుకోండి. అక్కడ సమాధానబలి విధులు ఉన్నాయి. హీబ్రూలో దాని పేరు షెలామీమ్, షాలోమ్ అన్న మాటకు దగ్గరి పదం. వాడుక తెలుగులో సమాధానం అంటే జవాబు అయినా, తెలుగు బైబిలులో అది శాంతి అన్న అర్థంలో వస్తుందని గుర్తుంచుకోవాలి. కొవ్వు బలిపీఠం మీద దేవునికి, బోర యాజకులకు, కుడి జబ్బ ఆ బలిని అర్పించిన యాజకునికి చెందగా, మిగిలిన మాంసాన్ని బలి తెచ్చినవాడు తన వారితో కలిసి తింటాడు. కృతజ్ఞతార్పణ మాంసాన్ని ఆ రోజే తినాలి; మ్రొక్కుబడి, స్వేచ్ఛార్పణల మాంసం మరునాడు కూడా తినవచ్చు గాని, మూడవ రోజుకు మిగిలినదాన్ని కాల్చివేయాలి. ఒక పశువు మాంసాన్ని ఒక్క రోజులో తినాలంటే పదిమందిని పిలవక తప్పదు. పంచుకోవడం అన్నది ఆ విధిలోనే ఇమిడి ఉందని నేను భావిస్తాను. అయితే ఈ విధులను తీసుకెళ్లి యాకోబు కథకు అతికించవద్దు. ఆ కొండమీద యాజకుడు లేడు, బలిపీఠం ప్రస్తావన కూడా లేదు. లేవీయకాండాన్ని పోలిక కోసమే వాడండి.

మళ్లీ మీ కాగితం దగ్గరకు రండి. 28వ వచనంలో ముద్దుపెట్టుకోనివ్వలేదని బాధపడ్డ లాబాను, 55వ వచనంలో కూతుళ్లను, మనుమలను ముద్దుపెట్టుకుని దీవించి వెళతాడు. హీబ్రూ ప్రతులలో ఈ వచనం 32వ అధ్యాయపు మొదటి వచనంగా ఉంటుంది కనుక పోల్చేటప్పుడు తికమకపడవద్దు. ఆ ఒక్క ఫిర్యాదు నిజంగా తీరింది. తన కూతుళ్లను బాధపెట్టకూడదని, వారిపై వేరే భార్యలను తెచ్చుకోకూడదని లాబాను షరతు పెట్టాడు. ఒకరికి ఒకరు కీడు చేయడానికి ఆ కుప్పను దాటకూడదన్న ఒప్పందమూ కుదిరింది. కానీ జీతం గురించి లాబాను ఒక్క మాట ఒప్పుకోలేదు సరికదా, నీకు కనబడేదంతా నాదేనని 43వ వచనంలో అన్నాడు. రాళ్లకుప్పకు లాబాను తన అరామిక్ భాషలో యగర్ శాహదూతా అని, యాకోబు హీబ్రూలో గలేదు అని పేర్లు పెట్టారు. రెండు పేర్లకూ అర్థం సాక్షిగా నిలిచిన కుప్పే అయినా, ఒకరి మాటను మరొకరు వాడలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, లాబాను కూతురూ యాకోబు భార్యా అయిన రాహేలు దొంగిలించిన గృహదేవతలు ఆమె కూర్చున్న ఒంటె సామగ్రిలోనే ఉండిపోయాయి. అసలు నిజం బయటపడకుండానే భోజనం జరిగింది. రచయిత దీన్ని దాచలేదు, సరిచేయనూ లేదు; మీరూ ఆ ఖాళీని మీ వ్యాఖ్యానంతో పూడ్చకుండా అలాగే ఉంచి చదవండి.

ఈ పద్ధతి పట్టుబడిందో లేదో చూసుకోవడానికి యాకోబు కొడుకు యోసేపు కథ తగినది. ఆదికాండము 37వ అధ్యాయంలో తమ్ముడు యోసేపును గోతిలో పడవేసిన అన్నలు ఆ వెంటనే భోజనానికి కూర్చుంటారు. 43వ అధ్యాయంలో అదే అన్నలు, ఐగుప్తులో అధికారి అయిన యోసేపును గుర్తుపట్టకుండానే ఆయన ఇంట తింటారు, కానీ ఆయనకు వేరుగా, వారికి వేరుగా, ఐగుప్తీయులకు వేరుగా వడ్డిస్తారు; అందరిలో చిన్నవాడైన బెన్యామీనుకు ఐదంతలు ఎక్కువ వస్తుంది. ఆ విందులో అన్నదమ్ములు కలవలేదు. 44వ అధ్యాయంలో యూదా, తమ్ముడికి బదులు నేను దాసుడిగా ఉంటానని ముందుకు వచ్చిన తరువాతే యోసేపు ఆపుకోలేక వారి ముందే ఏడ్చి తానెవరో చెబుతాడు. అప్పటికీ అన్నల భయం పూర్తిగా పోలేదని, తండ్రి చనిపోగానే అది తిరిగి లేచిందని 50వ అధ్యాయం చెబుతుంది.

భోజనం కీడుకు సాధనమైన ఘట్టం కూడా ఒకటి చదవండి: 2 సమూయేలు 13వ అధ్యాయంలో దావీదు రాజు కొడుకు అబ్షాలోము గొర్రెల బొచ్చు కత్తిరించే వేడుకకు రాజకుమారులను పిలిచి, అన్న అమ్నోనును చంపిస్తాడు. సామెతలు 17:1లో కలహంతో నిండిన ఇంటి గురించి చెప్పేటప్పుడు హీబ్రూలో ఉన్న మాటకు అక్షరార్థం కలహపు బలులు. ఆ మాటలో ఉన్నది కూడా జెవహే.

చివరగా యాకోబు, అతని అన్న ఏశావుల కథను మీరే స్వయంగా పరిశీలించండి. వారి వైరం ఆదికాండము 25వ అధ్యాయపు చిక్కుడుకాయల వంటకంతో, 27వ అధ్యాయంలో తండ్రికి పెట్టిన భోజనంతో పెరిగింది. 33వ అధ్యాయంలో వారు కౌగిలించుకుని ఏడుస్తారు గాని, కలిసి తిన్నట్లు ఎక్కడా లేదు. భోజనానికి బదులు యాకోబు ముందుగా పంపిన కానుక ఉంది: మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి, ఒంటె పిల్లలను లెక్కించకుండా 550. దానికి వాడిన మిన్హా అనే పదమే లేవీయకాండము 2లో నైవేద్యానికీ వస్తుంది. తరువాత ఏశావు శేయీరుకు, యాకోబు సుక్కోతుకు వెళ్లిపోతారు. ఇద్దరి ఫిర్యాదులను మళ్లీ ఒక కాగితం మీద ఎదురెదురుగా రాసి, అడుగున 35:29ని చేర్చండి. అక్కడ ఆ ఇద్దరు అన్నదమ్ములు కలిసి తండ్రి ఇస్సాకును పాతిపెడతారు.