పియానో మీద మోడ్‌లు – 4వ పాఠం: డోరియన్ ఇంకోసారి

మోడ్ అంటే అవే స్వరాలను వేరే స్వరం షడ్జంగా పెట్టుకుని వాయించడం. తెల్ల మెట్ల మీద డి షడ్జమైతే డోరియన్, జి అయితే మిక్సోలిడియన్. ఈసారి మిక్సోలిడియన్ మొదలుపెట్టాలి. పెట్టడం లేదు. పోయిన పాఠంలో డి నుంచి పై డి దాకా తెల్ల మెట్లు వాయించమన్నాను. చాలామంది వాయించి, “ఇది శంకరాభరణమే (సి మేజర్ స్వరాలే) కదండీ, రిషభం దగ్గర మొదలైందంతే” అన్నారు. మైలాపూర్ నుంచి ఒకావిడ రికార్డింగే పంపారు. వేళ్లు చక్కగా నడిచాయి, కానీ వాయించిన ప్రతి పదమూ (స్వరాల వరుసా) వచ్చి సి మీదే ఆగింది.

చెవికి మీరు ఎక్కడ మొదలుపెట్టారో పట్టదు. ఏ స్వరం మోగుతూ ఉంది, ఎక్కడ ఆగారు, అంతే చూస్తుంది. ఏడు స్వరాలూ సి మేజర్‌వే కాబట్టి మీరు చెప్పకపోతే సినే షడ్జం అనుకుంటుంది. కాబట్టి చెప్పండి. శ్రుతి పెట్టెను రెండు కట్టైలో, అంటే డిలో పెట్టండి. పెట్టె లేకపోతే ఎడమ చేత్తో డి, పైన ఎ నొక్కి పట్టుకోండి. పియానో నాదం త్వరగా తగ్గిపోతుంది, నాలుగు అక్షరాలకోసారి (తాళంలో నాలుగు లెక్కలకోసారి) మళ్లీ నొక్కాలి. నేనైతే ఎడమ చేతిలో గాంధారం అసలు పెట్టను. ఇప్పుడు అవే మెట్లు వాయిస్తే ఖరహరప్రియ స్వరాలు వినిపిస్తాయి. రాగం అని మాత్రం అనకండి. గాంధార నిషాదాలు ఊగకుండా ఆ రాగం లేదు, మెట్ల మీద అవి ఊగవు.

ఇక నాకు చిరాకు తెప్పించేది: జి కార్డ్ (జి, బి, డి కలిపి నొక్కడం) వాయించి సి కార్డ్ మీద దిగడం. కీబోర్డ్ నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఈ జత చేతిలో ఊరిపోయి ఉంటుంది. అందులోనూ జి7 అయితే ఇక చెప్పక్కర్లేదు. అందులో ఎఫ్, బి రెండూ ఉంటాయి. బి అరస్వరం పైకి సికి, ఎఫ్ అరస్వరం కిందికి ఇకి లాగుతాయి. రెండూ దిగగానే సి మేజర్ పాట ముగిసినట్టే. అప్పటిదాకా పది నిమిషాలు డిని నిలబెట్టినా ఒక్క దెబ్బతో పోతుంది. కుడిచేత్తో పదం చివర బి-సి అని ఆపినా ఇదే గొడవ, ఇ-డి అని దిగండి. జాజ్ వాళ్లు డి మైనర్ 7, జి7 మధ్యే ఎంతసేపైనా తిరుగుతారు, నిజమే. కానీ సి మీద దిగరు. మీరు ప్రస్తుతానికి డి మైనర్, ఎఫ్ కలపని ఉత్త జి, మళ్లీ డి మైనర్. సి కార్డ్ కావాలనిపిస్తే కింద డి మోగుతుండగా దాటిపోండి, దాని మీద ఆగొద్దు.

జి కార్డ్ ఎందుకంటే బి కోసం. డోరియన్ రుచంతా ఆ చతుశ్రుతి ధైవతంలోనే ఉంది. ఎ-బి-ఎ, ఆ తర్వాత ఎ-బి ఫ్లాట్-ఎ వాయించి చూడండి. రెండోది నఠభైరవి వైపు, మామూలు మైనర్ వైపు పోతుంది.

వేళ్ల సంగతి చెప్పక్కర్లేదు, సి మేజర్‌వే.

సాధన: ఇదే వరుస జి, సి, ఎ షడ్జాలుగా వాయించాలి, ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోకుండా, కాగితం మీద రాసుకోకుండా. జిలో బి ఫ్లాట్ ఒక్కటే నల్ల మెట్టు. సిలో రెండు నల్లవి, ఎలో ఒకటి, అవేవో మీరే పట్టుకోండి. ఒక్కోదానిలో ఐదు నిమిషాలు ఆగకుండా సొంతంగా కల్పించి వాయించాక, ఇంట్లో ఎవర్నైనా పిలిచి షడ్జం పాడమనండి. జి వాయించినప్పుడు వాళ్లు ఎఫ్ పాడితే ఎడమ చేయి నిద్రపోయిందన్నమాట, ఆ ఐదు నిమిషాలూ మళ్లీ మొదటి నుంచి.