వ్యాసం ఇచ్చేసే ముందు ఒకరితో చదివించండి

కాలేజీ వ్యాసాలు చాలామంది లెక్చరర్ కోసమే రాస్తారు. ఆయనకు విషయం ఎలాగూ తెలుసు కదా అని సగం మాటలు మింగేస్తారు. అందుకే డ్రాఫ్ట్ పూర్తవగానే ఆ సబ్జెక్ట్ తెలియని ఫ్రెండ్‌కి ఇచ్చి చదవమనండి. "ఎలా ఉంది?" అని మాత్రం అడక్కండి, మొహమాటానికి "బాగుంది" అనేస్తారు. చదివాక కాగితం పక్కన పెట్టించి, "ఇందులో నేను ఏమంటున్నాను?" అని అడగండి. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే లోపం మీ వ్యాసంలోనే ఉన్నట్టు. ఎక్కడ ఆగి రెండోసారి చదవాల్సి వచ్చిందో అక్కడ గీత పెట్టమనండి.

తర్వాత ప్రతి పేరా పక్కన దాని సారం నాలుగైదు మాటల్లో రాసుకోండి. రెండు పేరాలకు ఒకటే సారం వస్తే కలిపేయండి. ఏమీ తోచకపోతే ఆ పేరా కొట్టేయండి. "నేటి ఆధునిక యుగంలో సెల్‌ఫోన్ మన జీవితంలో భాగమైపోయింది" లాంటి మొదలు సాధారణంగా ఇక్కడే దొరికిపోతుంది. దాని బదులు "క్లాసులో ఫోన్ నిషేధిస్తే, అందులో నోట్స్ రాసుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు" అని నేరుగా వాదనలోకి దిగండి. అక్షరదోషాలు చివర్లో చూసుకోవచ్చు. కొట్టేయబోయే పేరాలో ఒత్తులు దిద్దుకుంటూ కూర్చోవడం దండగ.