లింక్ రాకపోతే మాడ్యూల్ మార్చే ముందు ఇవి చూడండి

షాద్‌నగర్, కొత్తూరు అంటే ఒకప్పుడు మన పాలమూరు జిల్లానే, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు రంగారెడ్డిలోకి పోయాయి. ఇప్పుడు ఆ వైపు డేటా సెంటర్లు లేస్తుంటే జడ్చర్ల నుంచి, దేవరకొండ నుంచి మన పిల్లలు టెక్నీషియన్లుగా చేరుతున్నారు. నైట్ షిఫ్టులో వాళ్ల నుంచి వచ్చే ఫోన్ ఎప్పుడూ ఒకటే: "అన్నా, లింక్ వస్తలేదు, మాడ్యూల్ పోయినట్టుంది." పోలేదు తమ్మీ, కరెంటు సిగ్నల్‌ను వెలుతురుగా మార్చి ఫైబర్‌లోకి పంపే ఆ చిన్న ముక్క చాలాసార్లు బాగానే ఉంటుంది.

ర్యాక్ నుంచి ర్యాక్‌కి వేసే షార్ట్ రీచ్ మాడ్యూళ్ల గురించే చెప్తున్నా, పేరులో ఎస్ఆర్ అని ఉండేవి, 850 నానోమీటర్ల వెలుతురుతో మల్టీమోడ్ (తక్కువ దూరాలకు వాడే) ఫైబర్ మీద నడిచేవి. ముందు దూరం చూసుకోండి. 10జీ ఎస్ఆర్ (సెకనుకు 10 గిగాబిట్లది) ఓఎం3 రకం ఫైబర్ మీద 300 మీటర్లు, ఓఎం4 మీద 400 మీటర్లు పోతుంది, అదే 25జీ ఎస్ఆర్ గానీ 100జీ ఎస్ఆర్4 గానీ అయితే ఓఎం3 మీద 70, ఓఎం4 మీద 100 మీటర్లే. లెక్కపెట్టాల్సింది ట్రేలో ఎక్కి దిగి తిరిగి వచ్చే కేబుల్ మొత్తం పొడవు. రెండు మీటర్ల పనికైతే అసలు ఆప్టిక్స్ ఎందుకు, డాక్ కేబుల్ (రెండు చివర్లా ప్లగ్గులతో వచ్చే రాగి కేబుల్) పెట్టేయండి, చవక, కరెంటు కూడా తక్కువ తింటుంది. రెండు చివర్లలో ఒకే రకం మాడ్యూల్ ఉందో లేదో లేబుల్ చదివి చూడండి, ఒకవైపు 850, ఇంకోవైపు 1310 నానోమీటర్లది పెట్టి గంటలు కొట్టుకున్నవాళ్లను చూశాను.

లింక్ రాకపోతే దేన్నీ పీకకుండా ముందు డీడీఎం రీడింగ్, అంటే మాడ్యూల్ తనే కొలిచి చూపే లెక్కలు, తీయండి. లినక్స్ సర్వర్ అయితే ఈథ్‌టూల్ కమాండ్‌కి మైనస్ ఎమ్ ఇస్తే వస్తుంది. ఎస్ఆర్4లో నాలుగు లేన్లకూ (డేటా విడిగా పోయే నాలుగు దారులకూ) ఆర్ఎక్స్ పవర్, అంటే అందే వెలుతురు, విడివిడిగా కనిపిస్తుంది, సగం జవాబు అక్కడే ఉంటుంది. మూడు లేన్లు మైనస్ 2 డీబీఎం (వెలుతురు బలం కొలత) దగ్గర ఉండి ఒక్కటి మాత్రం మైనస్ 11కి పడిందంటే (స్టాండర్డ్ ప్రకారం మైనస్ 10.3 కంటే కిందికి పోకూడదు) ముందు అనుమానించాల్సింది ఆ ఫైబర్ మీది దుమ్మును. నాలుగూ మైనస్ 30, 40 చూపిస్తే వెలుతురే రావట్లేదు, అవతలి పోర్టు ఆఫ్‌లో ఉండాలి, లేదంటే పొలారిటీ, అంటే పంపే, అందుకునే ఫైబర్ల జత, తప్పి ఉండాలి. నాలుగూ బాగుండి లింక్ ఒక్కటే రాకపోతే ఫెక్ (డేటాలో తప్పులు సరిదిద్దే పద్ధతి) సెట్టింగ్ చూడండి: 25జీ ఎస్ఆర్‌కీ ఎస్ఆర్4కీ ఆర్ఎస్ రకం ఫెక్ కావాలి, స్విచ్‌లో పెట్టి సర్వర్‌లో మర్చిపోతే లింక్ లేవదు.

దుమ్ము గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పక్క హాల్లో ఇంకా డ్రిల్లింగ్ నడుస్తుంటుంది, బయట మన ఎండాకాలం సంగతి తెలిసిందే. ఫైబర్‌లో వెలుతురు పోయే కోర్ 50 మైక్రాన్లు, తల వెంట్రుక కూడా సాధారణంగా అంతకంటే లావుగా ఉంటుంది. నోటితో ఊదొద్దు, తేమ అంటుకుంటుంది. చొక్కాకు తుడవడం ఇంకా ఘోరం. క్లిక్ పెన్ (ఫైబర్ చివర తుడిచే పెన్ను) వాడండి, ఒక్కో ఫైబర్ ఉండే ఎల్‌సీ కనెక్టర్‌కి వేరు, చాలా ఫైబర్లు ఒకేసారి కలిపే ఎంపీఓకి వేరు. నిటారుగా పెట్టి క్లిక్ మనేదాకా నొక్కాలి, కేబుల్ చివర ఒక్కటే శుభ్రం చేసి మాడ్యూల్ లోపలిది వదిలేస్తే ఆ మురికి మళ్లీ కేబుల్‌కే అంటుతుంది. ఫైబర్ చివరను పెద్దది చేసి చూపే స్కోప్‌లో ఇంకా మరక కనిపిస్తే పోగులు ఊడని వైప్ మీద ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చుక్క వేసి తుడిచి, వెంటనే పొడి భాగంతో ఇంకోసారి తుడవండి. కొత్త కేబుల్ కదా అని వదలొద్దు, మూతల్లో కూడా దుమ్ము ఉంటుంది. 850 వెలుతురు కంటికి కనబడదు, వస్తుందో లేదో చూద్దామని కన్ను పెట్టకండి.

ఎంపీఓలో ఎస్ఆర్4 మాడ్యూల్ 1 నుంచి 4 దాకా ఫైబర్లలో పంపుతుంది, 9 నుంచి 12 దాకా ఫైబర్లలో అందుకుంటుంది. రెండు మాడ్యూళ్లను నేరుగా కలిపితే టైప్ బి కేబుల్ కావాలి, అందులో ఒకటో ఫైబర్ అవతల పన్నెండుకు పోతుంది. టైప్ ఏ పెడితే పంపేది పంపేదానికే ఎదురవుతుంది. మాడ్యూల్‌లో పిన్నులుంటాయి కాబట్టి కేబుల్ పిన్నుల్లేనిదే తీసుకోండి, బలవంతంగా తోస్తే పాడయ్యేది మాడ్యూలే.

ఇవన్నీ అయ్యాక లూప్‌బ్యాక్ ప్లగ్ పెట్టండి. తన వెలుతురు తనకే సరిగ్గా వస్తే మాడ్యూల్‌కేం కాలేదు, తేడా కేబుల్ దారిలో ఉంది. అప్పుడూ లేన్ పడిపోతే ఆర్ఎంఏ (వెండర్‌కి వాపసు పంపే దరఖాస్తు) వేయండి, సీరియల్ నంబరుతో పాటు క్లీనింగ్‌కు ముందు, తర్వాత రీడింగులు రెండు వైపులవీ అదే మెయిల్లో పెట్టండి, లేకపోతే వెండర్ ముందు అడిగేది అవే.