నూట నాలుగు రోజుల మంత్రివర్గాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలా?

గ్రూప్స్ కోచింగ్‌లో పాఠం చెప్పేటప్పుడు నేను ముందు బోర్డు మీద ఒక అడ్డగీత గీస్తాను. ఎడమ కొసన 1937 ఏప్రిల్ 1, కుడి కొసన జులై 14. ఆ మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రిలాంటి పదవి) కూర్మా వెంకటరెడ్డి నాయుడు. మీరూ నోట్‌బుక్కులో అలాగే గీయండి.

ఇప్పుడు గీతకి ఎడమవైపు కారణం రాయాలి. ఇక్కడే తొందరపడకండి. ఎన్నికల్లో 215 సీట్లకి కాంగ్రెస్‌కి 159 వచ్చాయి. అయినా గవర్నర్ తన ప్రత్యేక అధికారాలు వాడనని మాటిస్తేనే పదవులు తీసుకుంటామంది. గవర్నర్ ఎర్‌స్కిన్ ఇవ్వలేదు. మంత్రివర్గం ఏర్పాటు చేయమని లిబరల్ నాయకుడు శ్రీనివాస శాస్త్రిని అడిగితే ఆయన కాదన్నారు. చివరికి కాంగ్రెస్‌కి ప్రత్యర్థి అయిన జస్టిస్ పార్టీ మనిషి వెంకటరెడ్డి ఒప్పుకున్నారు. మెజారిటీ లేదు కదా, మరెలా నడిచింది? సభనే పిలవలేదు! పిలిస్తే మొదటిరోజే పడిపోయేది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

కుడివైపు రెండు ముక్కలు చాలు: జూన్‌లో గవర్నర్ల అధికారాలపై కాంగ్రెస్ భయం తీర్చేలా వైస్రాయ్ లిన్‌లిత్‌గో ప్రకటన, జులైలో వార్ధాలో కాంగ్రెస్ పదవులకి సరేననడం. ఆ తర్వాత ప్రధాని కాంగ్రెస్ నాయకుడు రాజాజీ.

నా రోజుల్లో ఒక పరీక్షలో ‘1935 భారత ప్రభుత్వ చట్టం కింద మద్రాసు తొలి ప్రధాని’ ఎవరంటే కళ్ళు మూసుకుని రాజాజీ అని టిక్కు పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. అందుకే గీత మధ్యలో ఉన్న వెంకటరెడ్డి పేరు కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు.